మా అత్తగారి చేతికి సరిపోయిన కాఫీ మిషన్

మా ఇంట్లో పొద్దున్నే కాఫీ కలిపేది మా అత్తగారు. నేను కోడలిగా వచ్చిన ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఆ పని నా చేతికి ఇచ్చింది లేదు. నేను బందరులో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను, ఎనిమిదిన్నరకల్లా క్లాసులో ఉండాలి కాబట్టి నాకూ అదే సుఖంగా ఉండేది. ఆవిడ మిషనరీ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. కాఫీ రుచి తెలిసింది అక్కడి క్వార్టర్సులోనేనట. గుడివాడలో గింజలు వేయించి అమ్మే కొట్టు ఒకటి ఉంది. అక్కణ్ణుంచి తెప్పించుకుని, వంటగట్టుకి బిగించిన ఇనప చేతిమరలో ఏ రోజుకారోజు ఆడించి, ఫిల్టర్లో డికాక్షన్ దించేవారు.

కిందటేడు ఎండలు తగ్గాక ఆ కాఫీ మారింది. మొదట పొడి బరకగా పడి డికాక్షన్ పల్చబడింది. తర్వాత వారంలో రెండు మూడు రోజులు కాఫీ బదులు టీ రావడం మొదలైంది.

"టీ అయితే తేలిగ్గా ఉంటుందమ్మాయ్, పెద్దదాన్నయ్యాను కదా" అన్నారు. నేను నమ్మాను. నిజం చెప్పాలంటే, పట్టించుకోలేదు.

ఒకరోజు పొద్దున వంటింట్లో గిన్నె పడ్డ చప్పుడు వినిపించి పరుగెత్తాను. నీళ్ళు మరిగించిన గిన్నె నేల మీద ఉంది. ఫిల్టరు పై గిన్నె స్టవ్వు వెనక్కి దొర్లింది. పొడి గోడంతా చిందింది. ఆవిడ కాలిన ఎడమ మణికట్టుని కొళాయి కింద పెట్టుకుని నిలబడి ఉన్నారు. నర్సు కదా, ఏం చెయ్యాలో నేను చెప్పక్కర్లేదు. నేను చూసింది రెండో చేతిని. కొళాయి ఇంకాస్త తిప్పబోతూ ఆ కుడిచెయ్యి, బల్ల మీద ఫోను మోగుతూ అదిరినట్టు అదురుతోంది.

నేను చూశానని ఆవిడ చూశారు. చెయ్యి చీర కుచ్చిళ్ళలోకి లాక్కున్నారు.

"చెయ్యి జారింది. నువ్వెళ్ళి తయారవ్వు, టైమవుతోంది."

మా ఆయన ఏ ఇబ్బందికైనా ముందు ఒక వస్తువు కొనేస్తారు. ఆ సాయంత్రమే ఫోన్లో కాఫీ మిషన్లు చూడ్డం మొదలుపెట్టారు. ఆదివారం చర్చి అయ్యాక ముగ్గురం బందరులోనే ఒక పెద్ద షాపుకి వెళ్ళాం. అక్కడి అమ్మాయి అన్నిటికన్నా ఖరీదైనది ఆన్ చేసి చూపించింది. ముందు అద్దంలాంటి తెర, దాని మీద బొమ్మలు. వేలితో తాకితే ఒక దీపం వెలిగింది, తర్వాత ఇంకోటి, తర్వాత గుప్పున ఆవిరి. అత్తగారు రెండడుగులు వెనక్కి వేశారు.

"ఇదేంట్రా, ఐసీయూలో మిషన్లా కూతలు పెడుతోంది! మీరు కొనుక్కోండి. నేను టీ తాగుతాను."

"అమ్మా, నీకోసమే కదా చూస్తున్నది!"

"నాకేమైందని నాకోసం?"

ఏమీ కొనకుండానే తిరిగొచ్చాం. ఇంటికొచ్చాక నేను ఉండబట్టలేక, "అత్తయ్యా, ఆ చెయ్యి ఓసారి డాక్టరుకి చూపిద్దామా?" అన్నాను. "కాలింది మానిపోయిందిగా" అన్నారు. నేను ఏ చేతిని అడిగానో ఆవిడకి బాగా తెలుసు. మొండితనం అనుకుని నాకూ కోపం వచ్చింది.

ఆ తర్వాత ఒక శనివారం నాకు గుడివాడలో కాలేజీ పని పడింది. గింజలు తెచ్చుకుందాం, మీరూ రండని బతిమాలితే బస్సెక్కారు. నా పని గంటలో అయిపోయింది. ఇద్దరం కాఫీ కొట్టుకి నడిచాం. అన్నేళ్ళుగా గింజలు తెప్పించుకోవడమే కానీ ఆ కొట్టాయన్ని మేం చూడలేదు. రిటైరైన సైన్సు మాస్టారాయన. తాతల నాటి నుంచీ అందరూ బడిపంతుళ్ళే, కొట్టు పెట్టింది తనొక్కడేనట. వెనక అరలో ఇంటికి పనికొచ్చే మరలు, మిషన్లు నాలుగైదు రకాలు పెట్టారు.

"మా ఇంటికి ఏది బాగుంటుందండీ?" అని అడిగాను.

ఆయన అర వైపు కూడా చూడలేదు. "మీ ఇంట్లో కాఫీ ఎవరు కలుపుతారండీ?" అన్నారు.

"నేనే" అన్నారు అత్తగారు.

"అయితే మీరే చెప్పండి పిన్నిగారూ. ఇప్పుడు చేసే దాంట్లో ఏ పని కష్టంగా ఉంది? మర తిప్పడమా, వేడినీళ్ళు పొయ్యడమా?"

ఇన్ని వారాల్లో మా ఆయన గానీ నేను గానీ ఆ ప్రశ్న అడగలేదు. అత్తగారు అరలోని మరల కేసి చూశారు. మాస్టారు ఒక చిన్న చేతిమర ముందు పెట్టి, గరిటెడు గింజలు ఆవిడ చేతికిచ్చి, "ఇందులో పొయ్యండి, చూద్దాం" అన్నారు. గరిటె మర దాకా వెళ్ళేలోపు సగం గింజలు బల్ల మీద చెల్లాచెదురుగా పడ్డాయి. నేను ఏరబోతే ఆయన చెయ్యడ్డం పెట్టారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు మెల్లగా.

"పది నెలలు" అన్నారు అత్తగారు.

పది నెలలు! ఒకే ఇంట్లో ఉంటూ ఆ లెక్క నేను ఒక కొత్త మనిషి ముందు విన్నాను.

"డాక్టరుకి చూపించుకున్నారా?"

"చూపించుకుంటే ఏమంటారో నాకు తెలుసండి. ఆసుపత్రిలో పనిచేసినదాన్ని."

"జవాబు తెలుసు కదా అని పరీక్ష రాయకుండా వెళ్ళిపోయే పిల్లల్ని చూస్తే నాకు భలే కోపం వచ్చేది పిన్నిగారూ. ఇవాళ మీకు మిషన్ అమ్మను. రెండు వీధుల అవతల ప్రతి శనివారం నరాల డాక్టరు వస్తారు. ముందు అక్కడికి వెళ్ళి రండి."

ఏమనుకున్నారో, ఆవిడ నా వైపు చూడకుండానే కొట్టు మెట్లు దిగి నడిచారు. నేను వెనకాలే వెళ్ళాను.

క్లినిక్‌లో మా ముందు చాలామంది ఉన్నారు. బెంచీ మీద కూర్చున్నాక, ఎదుటి గోడకేసి చూస్తూ చెప్పారు.

"నా వార్డులో ఒక పెద్దాయన ఉండేవారు. పమిడిముక్కల దగ్గర రైతు. మంచి మాటకారి. మొదట ఒక చెయ్యి వణికింది. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆయనకి అన్నం నేను తినిపించాను. ఆఖరికి నవ్వడానికి కూడా మొహం కదిలేది కాదు. నా చెయ్యి వణికిన మొదటిరోజు ఆయనే గుర్తొచ్చారు."

"మాతో ఎందుకు చెప్పలేదత్తయ్యా?"

"చెబితే మీరిద్దరూ రోజూ నా చెయ్యే చూస్తూ కూర్చుంటారు."

నాకు ఏడుపొచ్చింది. వారాలుగా ఆవిడ మీద పెట్టుకున్న కోపానికి సిగ్గేసింది.

డాక్టరు మా కాలేజీలో చదివి వెళ్ళిన పిల్లలా ఉంది, అంత చిన్నమ్మాయి. కాగితం మీద జిలేబీలా చుట్టలు గీయించింది. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్ళు పోయించింది. చేతులు ఒళ్ళో పెట్టుకోమని ఊరికే చాలాసేపు చూసింది. గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించింది. మోచేతులు వంచి చూసింది. నేను కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను.

"మీరు చెప్పిన ఆ పెద్దాయన జబ్బు కాదమ్మా ఇది" అంది. "అందులో ఎక్కువగా చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణుకుతుంది. మీది ఒళ్ళో పెట్టుకుంటే నిశ్చలంగా ఉంది, పని చెప్తేనే వణుకుతోంది. నడక బాగుంది, చేతులు బిగుసుకుపోలేదు. ఇది వేరే రకం వణుకు. చిన్న మాత్ర రాస్తాను, కొంత తగ్గుతుంది."

"మళ్ళీ చెప్పండి డాక్టరుగారూ."

ఆ అమ్మాయి విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది. ఇది వంశంలో వస్తుంటుంది, మీ పుట్టింట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగితే, లేదన్నారు అత్తగారు. కాఫీ మానెయ్యాలా అని నేను అడిగాను. "రోజుకి ఒకటి రెండు కప్పులు తాగి చూడండి. వణుకు ఎక్కువైతే తగ్గించుకోండి. నర్సమ్మగారికి నేను చెప్పాలా!" అని నవ్వింది.

బయటికి రాగానే అత్తగారు, "ఆకలేస్తోందే" అన్నారు. పక్కనే ఉన్న హోటల్లో పూరీ తిన్నారు. ఇంకో ప్లేటు చెప్పించుకుని అదీ తిన్నారు. కూర గిన్నె వణికి కాస్త బల్ల మీద ఒలికితే, వేలితో తుడిచేసి తినడంలో పడ్డారు. నేను అక్కణ్ణుంచే మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన వెంటనే అమ్మకి ఫోనివ్వమన్నారు.

మళ్ళీ కొట్టుకి వెళ్ళేసరికి మాస్టారు మా మొహాలు చూసి, "కూర్చోండి పిన్నిగారూ, ఇప్పుడు చూపిస్తాను" అన్నారు.

అక్కణ్ణుంచి అంతా ఆవిడ రాజ్యమే. వార్డులోకి కొత్త సామాను వస్తే పరీక్షించినట్టు ఒక్కోదాన్నీ పట్టి చూశారు. గాజు జగ్గులో డికాక్షన్ దిగే మిషన్ వద్దన్నారు, ఆ వేడి జగ్గు మళ్ళీ ఎత్తి వంచాలిగా అని. చల్లనీళ్ళు పోసి, పొడి వేసి, మీట నొక్కితే కింద పెట్టిన రెండు కప్పుల్లోకి నేరుగా డికాక్షన్ కారే చిన్న మిషన్ నచ్చింది. చల్లనీళ్ళు ఒలికితే గుడ్డతో తుడుచుకుంటే సరిపోతుంది. గింజలకి కరెంటు మరల్లో రెండు రకాలు చూపించారు మాస్టారు. ఒకదాంట్లో బ్లేడు తిరుగుతుంది, పొడి కొంత మెత్తగా కొంత బరకగా పడుతుంది. రెండోదాంట్లో గింజ రెండు పళ్ళచక్రాల మధ్య నలిగి పొడంతా ఒకేలా వస్తుంది. ఆవిడ పొడిని వేళ్ళ మధ్య నలిపి చూసి రెండోదాన్నే తీసుకున్నారు. దాని మీట పెద్దది, అరచేత్తో నొక్కినా పనిచేస్తుంది.

మొదటి మూడు రోజులూ కాఫీ నీళ్ళలా ఉంది. మా ఆయన ఆ ఖరీదైన మిషన్ మాట ఎత్తబోయి, తల్లి మొహం చూసి ఊరుకున్నారు. అత్తగారు మాస్టారికి ఫోన్ చేశారు. పొడి ఇంకాస్త మెత్తగా ఆడించండి, నీళ్ళు సగానికి తగ్గించండి అన్నారాయన. నాలుగో రోజు చిక్కటి డికాక్షన్ దిగింది. వేడిపాలు పోసే పని మాత్రం ఆవిడ కొడుకుకి అప్పగించారు. "పాలు పొయ్యి. అంతవరకే. చక్కెర జోలికి రాకు" అన్నారు. అప్పటినుంచి ఆయన రోజూ ఆరింటికే లేస్తున్నారు.

రెండు వారాలు పోయాక, కాఫీ తాగుతూ తాగుతూ ఆవిడ ఉన్నట్టుండి కప్పు కింద పెట్టేశారు.

"అమ్మాయ్, డాక్టరుకి నేను తప్పు చెప్పాను. మా చెల్లెలు ఉంది కదా."

ఆవిడ చెల్లెలు దివిసీమలో నాగాయలంక అవతల ఒక ఊళ్ళో ఉంటుంది. రెండేళ్ళుగా ప్రభుబల్ల అని రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారాల్లో చర్చి మధ్యలోనే లేచి వచ్చేస్తోందని, పాస్టరుగారితో ఏదో మాట తేడా వచ్చిందని బంధువులంతా అనుకుంటున్నారు. మా అత్తగారే ఫోన్లో రెండుసార్లు గట్టిగా చీవాట్లు పెట్టారు. ఎవరింటికి వెళ్ళినా కాఫీ టీలు ముట్టదు. పొగరు అనుకున్నాం.

మర్నాడే చల్లపల్లి మీదుగా బయల్దేరాం. చెల్లెలు గుమ్మంలోకి వచ్చింది, చేతులు రెండూ పమిట చెంగులో చుట్టుకుని. అత్తగారు పలకరింపు కూడా లేకుండా తన కుడిచెయ్యి ముందుకి చాపారు.

"చూడవే. నాదీ ఇంతే."

చెల్లెలు ఆ చేతినే చూసి, చెంగులోంచి తన చేతులు బయటికి తీసింది. ఇంకా ఎక్కువ వణుకుతున్నాయి.

"ద్రాక్షారసం గిన్నె పట్టుకోలేనక్కా" అంది. "ఒలికిపోతుందని లేచొచ్చేస్తున్నాను. ఎవరికని చెప్పను?"

ఇద్దరూ గుమ్మంలోనే ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు.

ఆవిణ్ణి మాతో బందరు తీసుకొచ్చి, ఆ తర్వాతి శనివారం గుడివాడలో చూపించాం. అదే వణుకు, అదే మాత్ర. మిషన్ మీట నొక్కడం మా అత్తగారే నేర్పారు, పొడి మెత్తదనం దగ్గర ఇద్దరికీ రోజూ పేచీ.

చెల్లెలు ఊరికి తిరిగి వెళ్ళే ముందురోజు సాయంత్రం సముద్రం చూస్తానంటే, ఆటోలో మంగినపూడి వెళ్ళాం. సెలవురోజు, జనం బాగా ఉన్నారు. కాల్చిన మొక్కజొన్న పొత్తులు కొన్నాం. ఆవిడ రెండు చేతులతో పట్టుకుని, వణుకుతున్న పొత్తుని వంగి అందుకుంటూ, అంతమందిలో ఒక్క గింజ వదలకుండా తింది. పక్కన ఎవరో చూస్తున్నారు. ఆవిడ వాళ్ళని చూడలేదు.

"అక్కా" అంది మూతి తుడుచుకుంటూ, "ఇంకోటి తీసుకుందామా?"