మామ నోట పలికిన నా మాట

చాలా ఏళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. నేను అన్న మాటే. నలుగురిలో అది నాది కాదని చెప్పిన రోజు నుంచి బరువైపోయింది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లతో చెప్పుకోగలిగితే ఇన్నాళ్లు ఆగేదాన్నా?

పేర్లు రాయను. మాది కోట అనే చిన్న పట్నానికి తూర్పున, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊరు. అందరూ చేపల వేట మీద బతికేవాళ్లే. నా భర్త మాత్రం పడవ ఎక్కలేదు. లారీ నడిపేవాడు. మా చుట్టుపక్కల గుంటల్లో పెంచిన రొయ్యల్ని ఐసు పెట్టెల్లో వేసుకుని దూరాన ఉత్తరాదికి పోయేవాడు. తిరిగొచ్చిన రోజు ఒంటి నిండా డీజిలు, నీచు కలిసిన వాసన. స్నానం చేస్తేగాని లోపలికి రానిచ్చేదాన్ని కాదు. గుమ్మంలో నిలబడి నవ్వేవాడు. ఇప్పుడు మా వీధిలో ఏ రొయ్యల లారీ ఆగినా చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వస్తాను. ఎవరో కుర్రాడు తల బయటికి పెట్టి ఏదో గుంటకు దారి అడుగుతాడు. చెప్తాను. లారీ వెళ్లిపోయాక కూడా ఆ వాసన కాసేపు ఉంటుంది. అది పోయేదాకా లోపలికి రాను.

ఒక ఊరి సంత దగ్గర లారీ ఆపి టీ తాగుతుంటే బాంబు పేలింది. తీవ్రవాదుల పని అన్నారు. చాలామంది పోయారు, వాళ్లలో ఆయన ఒకడు. పెట్టెలో పెట్టి తెచ్చారు. మూత తీయవద్దని ఆయన తండ్రితో, మా మామతో చెప్పారు. మామ తీయలేదు. నేను అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదేమో, చివరిసారి ఒక్క చెయ్యైనా పట్టుకునేదాన్నేమో అని ఈ రోజుకీ అనిపిస్తుంది.

అత్త నా పెళ్లికి ముందే పోయింది. ఇంట్లో మామ, నేను, అప్పుడప్పుడే మాటలు నేరుస్తున్న పాప. పలకరించడానికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక మేం ముగ్గురం మధ్యాహ్నాలు ఒడ్డున తాటాకుల పాక కింద కూర్చునేవాళ్లం. మామ వల బాగుచేసేవాడు. నేను ఎండు చేపలు ఏరేదాన్ని. ఉన్నట్టుండి ఇద్దరిలో ఎవరో ఒకరు ఆయన గురించి మొదలుపెట్టేవాళ్లం. చిన్నప్పుడు ఈతకు పోయి ఎవరి పడవ కింద దాక్కున్నాడో మామ చెప్పేవాడు. పులుసులో మామిడికాయ ముక్కలన్నీ ఎలా ఏరుకు తినేవాడో నేను చెప్పేదాన్ని. ఆయన లేని లోటు నాకెంత ఉందో అంతే ఉన్న మనిషి ఈ లోకంలో మామ ఒక్కడే. ఆ మధ్యాహ్నాలు నాకు ఎంత అవసరమో అప్పుడు తెలియలేదు.

ఒకరోజు మామ చేయి ఆపి సముద్రం వైపు చూస్తూ అన్నాడు.

"నా తమ్ముడ్ని ఇదే సముద్రం తీసుకున్నాది. ఆ భయంతోనే నా కొడుకుని పడవెక్కనీలా. వాడికి వేటంటే ప్రాణం తల్లీ. లారీ నేర్చుకోమని పోరు పెట్టింది నేనే. నేల మింద ఉంటే బతుకుతాడనుకున్యా. నేనే పంపించినా వాడ్ని."

ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. "ఈ మాట ఎవురితో అనబాకు" అన్నాడు. అననని ఆయన చేతిలో చెయ్యి వేశాను.

ఆ రోజుల్లో ఏ టీవీ పెట్టినా సరిహద్దు అవతలి దేశం మీద యుద్ధం మాటే. విమానాలు పంపాలి, నేలమట్టం చేయాలి, ఒకరికి పదిమందిని చంపాలి. మా పాక పక్కన పిల్లలు ఫోన్లలో అవే వినేవాళ్లు. మనకోసమే కదా అంటున్నారు అని ముందు నేనూ అనుకున్నాను. కానీ వినేకొద్దీ ఆ బాంబులు ఎవరి మీద పడతాయా అన్న ఆలోచన మొదలైంది. ఆ రోజు అదే మామతో అన్నాను. నేనే అన్నాను. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి.

"మావా, ఆడ కూడా ఎవుడో లారీ ఆపుకొని టీ తాగతా ఉంటాడు గదా. వాడి మింద బాంబు పడితే నా మాదిరి ఇంకొకామె కూచోని ఏడస్తాది. దాంతో నాకేం వస్తాది?"

"మరి నీకేం కావాల?"

"పెట్టినోడ్ని పట్టుకోవాల. పంపించినోడ్ని పట్టుకోవాల. కోర్టులో నిలబెట్టాల. నేను పోయి వాడి మొకం చూసి అడగాల, మా ఆయన నీకేం చేసినాడని. వాడు నోరు తెరిచి చెప్పాల. చచ్చినోడ్ని అడిగితే ఏం చెప్తాడు?"

మామ వల పక్కకు పెట్టాడు. తర్వాత, "ఇది నలుగురిలో చెప్పాల్సిన మాట" అన్నాడు.

"నాకు చాతగాదు మావా."

"నేను చెప్తాలే. నువ్వు నా పక్కన నిలబడు. అంతే చాలు."

నిలబడతానన్నాను.

సంతాప సభ మా ఊరి బడి ఆవరణలో పెట్టారు. నెల్లూరు నుంచి పెద్దమనుషులు వచ్చారు. వెంకటాచలంలో ఉండే మా అన్న అన్నీ తానై చూసుకున్నాడు. వేదిక మీద దండ వేసిన ఆయన ఫోటో, దాని పక్క కుర్చీలో పాపను ఒళ్లో పెట్టుకుని నేను. ఒక్కొక్కరు లేచి పగ తీర్చుకోవాలని అరిచారు. అరిచిన ప్రతిసారీ చప్పట్లు. నాకోసం ఇంతమంది కోపంగా ఉన్నారన్నది ఆ క్షణంలో ఒక రకమైన దన్నుగా కూడా తోచింది. అబద్ధమెందుకు చెప్పాలి?

మామ మైకు తీసుకున్నాడు. మెల్లగా, పడవ మీద పక్కవాడితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"నా కొడుకు పేరు చెప్పి ఎవుర్నీ చంపబాకండయ్యా. బాంబు పెట్టినోడ్ని పట్టుకోండి. కోర్టులో నిలబెట్టండి. మేం వచ్చి వాడ్ని అడుగుతాం. ఆడ కూడా మా అబ్బయ్య మాదిరి ఎవుడో టీ తాగతా ఉంటాడు. వాడి మిందికి విమానం పంపబాకండి."

నా మాటలే. అర్థం ఏమాత్రం మార్చలేదు.

ఈసారి చప్పట్లు లేవు. తర్వాత వెనక నుంచి ఒకడు, "కొడుకు చచ్చినా రోషం లేదా?" అన్నాడు. ఇంకొకడు, "ఎవుడి తరఫున మాట్లాడతా ఉండావు?" అన్నాడు. జనం లేచారు. కుర్చీలు పడ్డాయి. మామ నా వైపు చూశాడు. లేచి నాలుగు అడుగులు వేస్తే ఆయన పక్కన ఉంటాను. నేను కుర్చీలోంచి లేవలేదు. అన్న వచ్చి నా చెవిలో, "నువ్వు ఏదో ఒకటి చెప్పు. చెప్పకపోతే ఈ ఊళ్లో నీకూ బిడ్డకూ చోటుండదు" అన్నాడు. మైకు నా చేతికొచ్చింది.

నేనన్నది ఇది.

"ఆ మాట నాది గాదు. మా మామకు మతి చలించినాది. మా ఆయన్ని పోరు పెట్టి లారీ ఎక్కించింది ఆయనే. ఆ దిగులుతో ఏందేందో మాట్లాడతా ఉండాడు. మీరు పట్టించుకోబాకండి."

మొదటి ముక్కతో ఆగిపోయి ఉంటే భయపడ్డానని చెప్పుకోవచ్చు. చేతిలో పసిబిడ్డ, ఎదురుగా జనం, ఎవరైనా భయపడతారు. కానీ రెండో ముక్క? దాన్ని ఎవరు అడిగారు నన్ను? నా ఒక్కదానికే చెప్పుకున్న దుఃఖాన్ని తీసి ఊరి ముందు ఎందుకు పారేశాను? నన్ను నమ్మాలని. ఆయన్ని ఎవరూ నమ్మకూడదని. అంత తొందరలో కూడా ఎక్కడ కొడితే పడతాడో నాకు తెలిసింది. దాని గురించే నేను రాస్తున్నాను. మిగతాదంతా దానికి ముందూ వెనకా.

మామ తల దించుకున్నాడు. మళ్లీ ఎత్తి, మైకు లేకుండానే అన్నాడు.

"అవునయ్యా. ఆ బిడ్డకేం తెలవదు. మాటలన్నీ నావే."

వేదిక దిగి జనం మధ్యలో నుంచి నడిచి వెళ్లాడు. ఎవరూ కొట్టలేదు. దారి ఇచ్చారు, అంటకూడదన్నట్టు.

కొన్నాళ్లకు విమానాలు వెళ్లాయని వార్త వచ్చింది. శత్రువుల స్థావరాలు పోయాయని కొందరు, ఇళ్లు కూడా కూలాయని కొందరు అన్నారు. ఏది నిజమో నాకు తెలియదు. మా ఊరి పిల్లలు మా గుమ్మం ముందే టపాసులు కాల్చారు, మాకు గౌరవమని. మామ లోపలి గదిలో పాప చెవులు మూసి కూర్చున్నాడు. బాంబు పెట్టినవాడు దొరికాడో లేదో మాత్రం ఎవరూ చెప్పలేదు. మామ ఒక్కడే కోటకు పోయి పోలీసుల్ని అడిగేవాడు. కేసు ఇక్కడిది కాదు పెద్దాయనా అనేవాళ్లు. మళ్లీ పోయేవాడు.

మా ఊళ్లో పెద్దలు కలిసి ఒక మనిషిని వెలి పెడితే దాన్ని దురాయి అంటారు. మామ మీద దురాయి వేయలేదు. అవసరం రాలేదు. ఏ పడవవాళ్లూ ఆయన్ని వేటకు పిలవలేదు, అంతే. పొద్దున్నే ఒడ్డుకు పోయి, పడవలన్నీ వెళ్లిపోయాక తిరిగి వచ్చేవాడు. నేను అన్నం పెట్టేదాన్ని. తినేవాడు. సభ గురించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే కాళ్ల మీద పడేదాన్ని. మధ్యాహ్నాలు పాక కిందికి నేను వెళ్లడం మానేశాను. ఒకరోజు సంచీ సర్దుకుని, దొరవారిసత్రం అవతల పులికాట్ సరస్సు ఒడ్డున చెల్లెలి ఊరికి పోతున్నానన్నాడు. "నేనీడ ఉంటే మీకు ఇబ్బంది తల్లీ" అన్నాడు. ఉండమని నేను అనలేదు.

ఆ తర్వాత నన్ను అందరూ ధైర్యవంతురాలన్నారు. ప్రతి ఏడాదీ సభకు పిలిచారు. ఎర్ర శాలువా కప్పారు. వాళ్లు వినాలనుకున్నది చెప్పడం నేర్చుకున్నాను. ఇంటికొచ్చి ఆయన ఫోటో ముందు కూర్చుంటే ఆయన గురించి మాట్లాడటానికి మనిషి లేడు. పాపకు తండ్రి గుర్తులేడు. ఊరికి ఆయన ఒక ఫోటో. మామిడికాయ ముక్కల సంగతి ఎవరితో చెప్పను?

మామ దగ్గరికి ఒక్కసారి వెళ్లాను. చెప్పేయాలనే బయల్దేరాను. సరస్సులో నీళ్లు తక్కువ. మామ గడకర్ర వేసి చిన్న పడవను తోసుకుంటూ వస్తున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి గబగబా ఒడ్డుకొచ్చాడు. "పాప నన్ను అడగతా ఉందా?" అన్నాడు. అడుగుతోందన్నాను. అదీ అబద్ధమే. తాతకు మతి తప్పిందని అందరూ చెబితే విని, నేను కాదనకపోతే నమ్మి, పాప ఎప్పుడో అడగడం మానేసింది. ఆయన మొహం వెలిగింది. ఆ వెలుగు చూశాక చెప్పాలనుకున్నది వదిలేసి పాప చదువు గురించి మాట్లాడాను. చేపలు కట్టి ఇచ్చాడు. బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాను.

పోయిన వానాకాలంలో మామ చనిపోయాడు. కబురందేసరికి ఆలస్యమైంది. అయినా నాకోసం ఉంచారు. ముఖం మీద గుడ్డ తీసి చూశాను. నా గురించి ఏమైనా అన్నాడా అని ఆయన చెల్లెల్ని అడగాలనుకున్నాను. ఏమీ అనలేదని చెబుతుందేమోనని అడగలేదు.

ఇప్పుడు మళ్లీ ఎక్కడో దాడి జరిగింది. మళ్లీ టీవీల్లో అవే అరుపులు. ఊరివాళ్లు సభకు రమ్మంటే జ్వరమని చెప్పాను. చూశారా, ఇప్పటికీ అంతే నా ధైర్యం. కానీ పాప ఇంటర్ చదువుతోంది. ఆ సాయంత్రం ఉత్సాహంగా వచ్చి, "అమ్మా, కాలేజీలో నన్ను మాట్లాడమన్నారు. తాత మాదిరి పిరికి మాటలు మాట్లాడన్లే, భయపడబాకు" అంది.

పొయ్యి ఆపేసి, కూర్చోమన్నాను. అంతా చెప్పాను. పాక, చేతిలో చెయ్యి వేయడం, మైకు, నేనన్న రెండు ముక్కలు. ఏదీ దాచలేదు. వింటూ నేల చూస్తూ ఉండిపోయింది. చివరికి ఒకటే అడిగింది.

"మరి నన్ను ఆయన దగ్గరికి ఒక్కసారైనా ఎందుకు తీసకపోలా?"

ఆపేసిన పొయ్యి మళ్లీ వెలిగించాను.

మర్నాడు కాలేజీకి వెళ్లింది. అక్కడ ఏం మాట్లాడిందో, అసలు మాట్లాడిందో లేదో నాకు తెలియదు. అప్పటి నుంచి నాతో అవసరానికి మించి మాట్లాడదు. పెట్టింది తింటుంది, పుస్తకం తీసుకుని వాకిట్లో కూర్చుంటుంది. క్షమించమని పాపను అడగలేదు. అడగాల్సిన మనిషి లేడు. ఈ కాగితం మీద కూడా పేరు పెట్టే ధైర్యం నాకు రాలేదు. మామ ఉంటే ఇప్పుడు పరిగెత్తుకుంటూ వెళ్లి ఆ సరస్సు ఒడ్డున కూర్చునేదాన్ని. ఆయన పడవ తోసుకుంటూ ఎంతసేపటికి వచ్చినా సరే.

పాప నన్ను ఎప్పటికైనా దగ్గరికి రానిస్తుందో లేదో తెలియదు. కానీ మా ఇంట్లో ఇప్పుడు మామ గురించి అబద్ధం లేదు.