మధ్యాహ్నానికి ఇంజను ఆపిన మాస్టారు

మా దేవదానం మాస్టారు పోయారు. పోయిన శనివారం తిరువూరు బస్టాండులో విజయవాడ బస్సు కోసం నిలబడి ఉండగానే గుండె ఆగిందన్నారు. ఏమీ తోచనప్పుడు లెక్క వేసుకోవడం నా అలవాటు. బడికి లెక్కల మాస్టారు పోయారు. చర్చికి సంఘపెద్ద పోయారు. అయిదో తరగతితో చదువాపి పత్తి కాటా దగ్గర కూడికలతో బతుకుతున్న నాకు, పక్కన కూర్చోబెట్టుకుని బీజగణితం నేర్పిన గురువు పోయారు. మా మూడు బావులకు పెద్దదిక్కు పోయింది. ఈ చివరి నష్టం బయటివారికి తెలియదు.

శనివారాలు ఆయన విజయవాడ గ్రంథాలయంలో ఒకే ఇంగ్లీషు పుస్తకం చదువుతూ ఉండేవారు. పేకాటలో మంచి ముక్కలు లేకపోయినా ఉన్నట్టు పందెం కాసేవాడి ధీమాను లెక్కలోకి తేవచ్చా అని ఐరోపాలో ఒక గణితవేత్త ఆలోచించాడట. రెండో ప్రపంచయుద్ధం నాటికి ఒక అర్థశాస్త్రజ్ఞుడి తోడుతో అది ఆటల శాస్త్రమైందట; ఆ పుస్తకం దాని గురించే. "నీ మంచిచెడ్డలు నీ ఒక్కడి చేతిలో లేవయ్యా. ఎదుటివాడు ఏం చేస్తాడోనన్న నీ అనుమానంలో సగం ఉన్నాయి" అనేవారు.

మాస్టారి ఇంట్లోనూ అదే శాస్త్రం. పిల్లలిద్దరికీ జున్ను పెట్టాలంటే ఒకడు కోయాలి, రెండోవాడు ముందు తీసుకోవాలి. కోసేవాడు అంగుళం అంగుళం కొలుచుకునేసరికి జున్ను చల్లారిపోయేదని మాస్టారి భార్య, మా అమ్మగారు, నవ్వేవారు.

ఎ.కొండూరు దారిలో మాస్టారివి, నావి, వెంకటరామయ్యగారివి పక్కపక్క చేలు. మూడు బావులకూ కింద ఒకటే ఊట. ముగ్గురం మామిడి మొక్కలు పెట్టాం. లేత మొక్కలు; వేసవిలో తడి తప్పితే మాడిపోతాయి. తాను ఆపితే పక్కవాడు తోడేస్తాడన్న భయంతో ఎవరి ఆయిలింజను వారు పొద్దస్తమానం ఆడించాం. ఊట అడుగంటింది. అప్పుడు మాస్టారు తన ఇంజను మధ్యాహ్నానికే ఆపేశారు. ఆయన్ని చూసి నేనూ ఆపాను. వెంకటరామయ్యగారు ఆపలేదు. పైగా, "బడిలో సున్నాలు చుట్టేది చాలక చేలో కూడానా మాస్టారూ?" అని ఎగతాళి చేశారు.

మాస్టారికి కోపం రాలేదు. "ఇవాళ మీరు సాయంత్రం దాకా ఆడించారు. రేపు నేనూ అంతసేపే ఆడిస్తానండి. ఎల్లుండి మళ్ళీ మధ్యాహ్నానికి ఆపేస్తాను. ఆపైన మీ ఇష్టం" అన్నారు. అన్నట్టే చేశారు. కొన్నాళ్ళకు మూడో ఇంజనూ మధ్యాహ్నానికి ఆగడం మొదలైంది. "తగువు పెట్టుకుంటే నెగ్గేవాణ్ణి. ఈ లెక్కతో ఎట్టా నెగ్గనయ్యా?" అని వెంకటరామయ్యగారే నాతో అన్నారు. ఊట తేరుకుంది. మొక్కలు బతికాయి.

వెంకటరామయ్యగారు ఎప్పుడైనా మాట తప్పితే ఎలాగని ఒకసారి అడిగాను. "రేపుందని తెలిసినన్నాళ్ళూ తప్పడు. ఇదే ఆఖరి ఆట అనుకున్నాడా, అక్కడ నా లెక్క పనిచెయ్యదయ్యా" అన్నారు మాస్టారు.

సమాధి దగ్గర పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా మా చేల వైపు నుంచి ఇంజను చప్పుడు వినిపించింది. మధ్యాహ్నం దాటి చాలాసేపైంది. ప్రార్థన ముగిశాక చేలకు వెళ్ళి చూశాను. పొద్దున శవపేటికకు భుజం పట్టి చర్చి దాకా మోసిన వెంకటరామయ్యగారే అక్కడ మొక్కలకు నీళ్ళు మళ్ళిస్తున్నారు. కళ్ళు ఏడ్చి వాచి ఉన్నాయి.

"అమ్మగారు చేను అమ్మేస్తారంట. కొనేవాడు ఎవడో, ఎట్టాంటివాడో. వాడొచ్చి తోడేసేలోపు నావి తడుపుకుంటున్నా" అన్నారు.

తప్పని అనలేకపోయాను. మాస్టారి పద్ధతిలోనే మర్నాడు నేనూ సాయంత్రం దాకా ఆడించి, ఆ మర్నాడు మధ్యాహ్నానికి ఆపాను. ఆయన ఆపలేదు. నాకు లెక్క వచ్చింది గాని, ఎదుటివాడికి రేపటి మీద నమ్మకం పుట్టించే ఆ మనిషితనం రాలేదు. అది మాస్టారితోనే పోయింది.

ఇవాళ పొద్దున తాడుకు రాయి కట్టి మాస్టారి బావిలోకి దించి కొలిచాను. ఆయన ఉండగా నిలిచిన మట్టం అందుకోవాలంటే ఇంకా నాలుగు మూరల నీళ్ళు రావాలి.