కాన్ఫరెన్సు పెట్టెలో ‘ఆయ్’

టెలిఫోన్ ఆపరేటరంటే గొంతు తియ్యగా ఉంటే చాలనుకునే రోజులవి. నా గొంతు సంగతి ఎలా ఉన్నా, డిగ్రీ అవగానే అమలాపురంలో ఓ రొయ్యల మేత వ్యాపారిగారి ఆఫీసులో ఆ ఉద్యోగానికి కుదిరాను. కొన్నాళ్లు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. మా ఇంట్లో మొదటి ఉద్యోగస్తురాలిని నేనే కాబట్టి మా అమ్మ అప్పటికే ఊరందరికీ చెప్పేసింది (‘నచ్చితే’ అన్న ముక్క మాత్రం మింగేసింది).

నేను చేరిన వారంలోనే ఓనరుగారు కాన్ఫరెన్సు పెట్టె ఒకటి కొన్నారు. రాజోలు, కొత్తపేట, ఐనవిల్లి బ్రాంచీల వాళ్లు పొద్దున్నే దానికి ఫోన్ చేస్తే అందరూ ఒకే లైన్లో కలుస్తారు. ఏ ఊరికి ఎన్ని బస్తాల మేత కావాలో తేల్చుకున్నాక లారీ బయల్దేరుతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఎవరు లైన్లోకి వచ్చినా పెట్టె ‘టుంయ్’మనేది. ఆ వెంటనే లోపలున్న వాళ్లు పని మాట ఆపేసి, గుమ్మంలోకి చుట్టం వచ్చినట్టు మర్యాదలు మొదలుపెట్టేవారు.

“రండి బాబాయిగారూ, టిఫిను చేసేరా అండి?”

“ఆయ్, ఇప్పుడే పెసరట్టు తిన్నానండి. పిన్నిగారి మోకాలు ఎలా ఉందండి?”

మోకాలి సంగతి తేలేలోగా ఇంకో టుంయ్. ఇప్పుడొచ్చినాయనకి మోకాలి కథ మొదటి నుంచీ చెప్పాలి కదా, లేకపోతే ఏమనుకుంటారు? సిగ్నలు పోయి మళ్లీ వచ్చిన వాళ్లకీ అదే మర్యాద. బయట లారీ డ్రైవరు హారను కొట్టి కొట్టి, విసుగొచ్చి లోపలికొచ్చి, తనూ ఆ కబుర్లు వింటూ నిలబడిపోయేవాడు.

ఒకరోజు కొత్తపేట చెరువులకి వెళ్లాల్సిన బస్తాలు ఐనవిల్లిలో దిగాయి. ఓనరుగారు లైన్లో అందరినీ కడిగేసి, తర్వాత నన్ను పిలిచారు. “చూడమ్మా, రేపట్నుంచి ఆ లైన్లో నా మాట తప్ప ఇంకోటి వినపడకూడదు. వినపడిందంటే ఆ పెట్టెనీ నిన్నూ కలిపి పంపించేస్తాను” అన్నారు.

పెట్టె బిగించినాయనకి ఫోన్ చేసి అడిగాను. ఒక మీట నొక్కితే ఓనరుగారి గొంతూ నా గొంతూ తప్ప అందరివీ మూసుకుపోతాయన్నారు. మర్నాడు అందరూ కలవగానే నొక్కేసి, దర్జాగా కూర్చున్నాను. ఓనరుగారు లోపలి గదిలోంచి మొదలుపెట్టారు.

“నిన్న బస్తాలు తారుమారయ్యేయి కదండీ.” ఆగారు. “అలా అవకూడదు కదండీ.” మళ్లీ ఆగారు.

మా వైపు ఎంత పెద్దమనిషికైనా అవతల ఒక ‘ఆయ్’ పడితేనే తర్వాతి మాట వస్తుంది. ఆ సంగతి అప్పటిదాకా నాకూ తట్టలేదు. “వింటున్నారా అండీ?” అన్నారు. పాపం ఆ ముగ్గురూ ఆయ్, ఆయ్ అంటూనే ఉండుంటారు. ఓనరుగారి గొంతు మెత్తబడింది. “కోపం వచ్చిందేంటండి? నిన్న నేను గట్టిగానే అన్నాను. రాజోలు బాబాయిగారూ, మీరు మా నాన్నగారి కాలం నుంచీ ఉన్నారు, మిమ్మల్ని అలా అనకూడదు. తప్పయిపోయిందండి.”

నా చెయ్యి మీట మీదే ఉంది. తీస్తే కబుర్లు మొదలవుతాయి, ఉద్యోగం పోతుంది. తీయకపోతే ఈయన ఇంకా ఏమేం ఒప్పుకుంటారో తెలియదు. ఇంతలో “ఎవరో ఒకరు పలకండి బాబూ” అన్నారు. ఆ మాట వినేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఏమీ ఆలోచించకుండా నేనే “ఆయ్” అన్నాను.

“హమ్మయ్య. ఎవరమ్మా?”

“నేనేనండి, ఆపరేటర్ని. అందరూ వింటున్నారండి. మీ మాట తప్ప వినపడకూడదన్నారని వాళ్ల గొంతులు నొక్కేసేనండి.”

ఇక అయిపోయిందనుకుని టిఫిను డబ్బా సంచీలో పెట్టుకుంటున్నాను. “అయితే నువ్వే అంటూ ఉండమ్మా” అన్నారాయన. “బస్తాల మాట వచ్చినప్పుడు ఒక్కొక్కళ్లనీ వదులు.”

ఆ రోజు లారీ టైముకి కదిలింది. సాయంత్రం రాజోలు బాబాయిగారు బస్సెక్కి వచ్చి, ఓనరుగారి చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు (మాట్లాడుకున్నది మాత్రం పెసరట్ల గురించే). నా ఉద్యోగం ఖాయమైంది. “అక్కడ ఏం చేస్తావే?” అని అమ్మ అడిగితే “ఆయ్ అంటానమ్మా” అనేదాన్ని. నమ్మేది కాదు.

ఇప్పుడు ఓ పెద్ద కంపెనీలో నేనే మీటింగులు నడుపుతున్నాను. తెర మీద పేర్లు వరసగా ఉంటాయి, గొంతులు ఉండవు. ఇక్కడ ఎవరి మీట వాళ్లే నొక్కుకుని వస్తారు. రెండు మాటలు చెప్పి ఆగుతాను, ఎవరూ పలకరు. అలాంటప్పుడు ఓనరుగారు గుర్తొచ్చి, ఆయన అంత బెంగ ఎందుకు పడ్డారో ఇన్నాళ్లకి తెలుస్తుంది. మొన్న అలాగే ఆగి, ఎంతకీ ఎవరూ అనకపోయేసరికి, నాకు నేనే నెమ్మదిగా ఆయ్ అనుకుని ముందుకెళ్లాను. ఒకప్పుడు ఈ పనికి నాకు జీతమిచ్చేవారు.