ఎండ కాసిన రోజే కారే ఇల్లు

2011 జనవరి. చలికాలమంతా స్నో పడే షామ్‌బర్గ్‌లో, ఇళ్ళకు ఇన్సులేషన్ వేసే ఒక చిన్న కంపెనీలో చేరి నాలుగు నెలలైంది. ఇన్సులేషన్ అంటే ఇంట్లో వేడి బయటికి పోకుండా అడ్డం పెట్టే పొర. ఇల్లు చూసి ఏం చేయాలో చెప్పడం నా పని. తప్పు చెబితే ఇంటికే అని మా బాస్ మొదటిరోజే అన్నాడు.

శిరీష గారింట్లో పాప గది సీలింగ్ తడిసి ఉబ్బింది. అప్పటికే రూఫ్‌లు వేసేవాళ్ళు ఇద్దరు చూసి, రూఫ్ మొత్తం మార్చాలన్నారు.

“మీరూ అదే అంటే మార్చేస్తామండీ. సీలింగ్ ఎప్పుడు ఊడిపడుతుందోనని పాపని మా రూమ్‌లో పడుకోబెడుతున్నాం,” అందావిడ.

ఆటిక్‌లోకి ఎక్కాను. సీలింగ్‌కూ రూఫ్‌కూ మధ్య, పాక్కుంటూ తిరగాల్సిన ఖాళీ అది. రూఫ్ చెక్కల అడుగున, ప్రతి మేకు మొనకీ తెల్లగా మంచు పేరుకుని ఉంది. పైనుంచి కారితే ఏదో ఒకచోటే తడవాలి. ఇంత తేమ ఎక్కడిదో అంతుపట్టక దిగి వచ్చేశాను.

కాఫీ ఇస్తూ శిరీష అత్తగారు సుభద్రమ్మ గారు నెమ్మదిగా అన్నారు: “స్నో పడ్డప్పుడు కారదు నాయనా. ఎండ కాసిన రోజే కారుతుంది.”

“అత్తయ్యా, ఆయన్ని పని చేసుకోనివ్వండి.”

“లేదండీ, చెప్పనివ్వండి,” అన్నాను.

“ఇంకోటి. పక్కింటివాళ్ళు స్నానాలు చేస్తే వాళ్ళ రూఫ్ మీద గొట్టంలోంచి పొగలా ఆవిరొస్తుంది. మనదాంట్లోంచి రాగా నేనెప్పుడూ చూళ్ళేదు.”

కాఫీ అక్కడే వదిలేసి మళ్ళీ ఎక్కాను. దూదిలాంటి పాత ఫైబర్‌గ్లాస్ పక్కకి లాగితే, ఆవిరిని రూఫ్ పైకి పంపాల్సిన బాత్రూం ఫ్యాన్ పైపు ఊడి పడి ఉంది. ఇంటిల్లిపాది స్నానాల ఆవిరీ ఆటిక్‌లోకే పోయి, చలికి గడ్డకట్టి, ఎండకి కరిగి కారుతోంది. రూఫ్ భేషుగ్గా ఉంది!

పైపు బిగించి, రూఫ్ అడుగున స్ప్రే ఫోమ్ కొట్టాలని రాసిచ్చాను. అది నురగలాంటి ఇన్సులేషన్: రెండు ద్రవాలు గన్‌లో కలిసి బయటపడగానే పొంగి, గట్టిపడి ప్రతి సందునూ మూసేస్తాయి. కానీ తడి చెక్కకి అది అంటుకోదు. ఫోమ్ కొట్టే క్రూ వచ్చిన రోజు తేమ కొలిచే మీటర్ పెడితే చెక్క ఇంకా తడిగానే ఉంది.

“ఇవాళ కాదు,” అన్నాను. పని ఆపానని ఫోన్‌లో బాస్ కేకలేశాడు. నేను మాట మార్చలేదు. నాలుగు రోజులు హీటర్లు పెట్టి ఆరబెట్టాకే ఫోమ్ కొట్టాం. ఫోమ్ వాసన పోయేదాకా వాళ్ళు హోటల్లో ఉన్నారు.

ఫిబ్రవరిలో పెద్ద స్నో పడింది. తర్వాత రెండు రోజులు ఎండ. అప్పుడు శిరీష గారి ఫోన్: “పొడిగా ఉందండీ! చుక్క లేదు! ఒకసారి వచ్చి చూడండి.”

వెళ్ళాను. వీధిలో చాలా రూఫ్‌ల మీద, లోపలి వేడికి స్నో మచ్చలు మచ్చలుగా కరిగి చూరులకు మంచు ఊచలు వేలాడుతున్నాయి. వీళ్ళ రూఫ్ మీద మాత్రం చెక్కుచెదరని తెల్లటి పరుపు. సుభద్రమ్మ గారు చీర మీద కోటు తొడుక్కుని బయటికొచ్చి, “మా ఇల్లే బావుంది కదూ!” అంటూ చిన్నపిల్లలా నవ్వారు. ఆ రూఫ్‌ని ఫొటో తీసి బాస్‌కి చూపించాను. పెద్ద ఇళ్ళన్నీ నాకే ఇవ్వడం మొదలుపెట్టాడు.

అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్ళినా, నిచ్చెన వేసే ముందు పగలంతా ఇంట్లో ఉండేదెవరో అడిగి, వాళ్ళ దగ్గర కాసేపు కూర్చుంటాను. నేను ఆ ఇంటిని చూసేది ఒక గంట. వాళ్ళు చలికాలమంతా చూసి ఉంటారు.