గురువారం వస్తానన్న మనిషి

మా వారు పోయాక చర్చివాళ్ళు మా ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక అయ్యాక, చుట్టాలంతా చావింటి మర్యాద ప్రకారం చెప్పకుండా ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతుంటే, పత్తిచేల పల్లె నుంచి వచ్చిన ఒకావిడ మాత్రం గడప దగ్గర ఆగి, అందరికీ వినబడేలా, "అక్కగారూ, గురువారం మళ్ళీ వస్తానండీ" అంది. కుర్చీలు సర్దుతున్న మా మరిది చేతులు ఆగిపోయాయి, మా ఆడపడుచు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మతమేదైనా మా వైపు చావింట్లో ఆ మాట అనకూడదు, అంటే మరో చావును పిలిచినట్టే. నాకు మాత్రం గుండె ఝల్లుమన్నది వేరే కారణానికి. పాతికేళ్ళ కిందట ఆవిడ గడపలో నేను అనకుండా వచ్చేసిన మాట అది.

అప్పట్లో నేను నర్సుగా పనిచేస్తూ, ఆపదలో ఉన్నవాళ్ళతో ఎలా మాట్లాడాలో నేర్చుకోవడానికి బ్రాడీపేటలో ఒక మేడ మీద తరగతులకు వెళ్ళేదాన్ని. చావాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, మళ్ళీ ఏ రోజు వస్తారో చెప్పి మరీ లేవండి అనేవారు మాష్టారు. వాళ్ళ ఆచారాన్ని నొప్పించకండి అని కూడా ఆయనే అనేవారు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం పడితే ఏం చేయాలో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. అన్నీ తెలుసుననే ధీమా ఉండేది లెండి.

నన్ను పంపిన మొదటి ఇల్లు ఈవిడదే. పత్తికి పురుగు పట్టి పంట పోయిన ఏడాది భర్త ప్రాణం తీసుకున్నాడు. అలా పోయిన ఇంటికి రావడానికి ఊళ్ళో వాళ్ళు జంకేవాళ్ళు. గుడికి వెళ్ళే వాళ్ళింట్లో చర్చికి వెళ్ళే నేను ఎక్కడ తప్పు మాట్లాడతానోనని గంటసేపు ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చుని, అడగాల్సింది అడక్కుండా, చెప్పాల్సింది చెప్పకుండా లేచి వచ్చేశాను. మర్యాద నిలబెట్టానని మురిసిపోయాను కూడా.

బస్సు వచ్చింది గానీ ఎక్కబుద్ధి కాలేదు. వెనక్కి వెళ్ళేసరికి ఆవిడ పిల్లలిద్దరికీ తలలు దువ్వి, బట్టలు మూటగట్టి, పక్కింటి ముసలమ్మకు అప్పగిస్తోంది. ఆవిడను పక్కకు తీసుకెళ్ళాను. చెయ్యి పట్టుకుని అప్పుడడిగాను, చచ్చిపోవాలనుకుంటున్నావా అమ్మా అని. కన్నీటి చుక్క లేకుండా అవునంది.

"అందరూ చెప్పకుండా పోయారు. మీరూ అట్టాగే పోయారు. ఇంకెవరూ రారనుకున్నానండీ."

ఆవిడ పుట్టింటికి కబురు పెట్టించాను. వాళ్ళు వచ్చేదాకా నేను ఆ ఇల్లు కదల్లేదు. వెళ్ళేటప్పుడు గడపలో నిలబడి, గురువారం వస్తానని గట్టిగా చెప్పాను. ఆవిడ అత్తగారు తిట్టిపోసింది, పడ్డాను. ఆ ఏడాది ఒక్క గురువారం కూడా మానలేదు.

మా చిన్నప్పుడు చెప్పకుండా వెళ్ళినవాళ్ళు చెప్పకుండానే మర్నాడు అన్నం గిన్నెతో వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఫోన్లో చేతులు జోడించిన బొమ్మలు వస్తున్నాయి. మా ఇంటి నుంచి మర్యాదగా వెళ్ళిన వాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఇవాళ బుధవారం. పొద్దుటినుంచి రెండు కాఫీ గ్లాసులు కడిగి, తుడిచి, మళ్ళీ కడుగుతున్నాను. ఆవిడ ఆ మాట అనకపోయి ఉంటే ఈ వారం నేను ఏమైపోయేదాన్నో తలుచుకుంటే, ఇన్నేళ్ళు ఊళ్ళో వాళ్ళకు ధైర్యం చెప్పిన నాకే ఒళ్ళు జలదరిస్తోంది.