మూడో పేజీ

మా సారుకి వేలు తడి చేసుకునే అలవాటుంది. ఎవరు కాగితాలిచ్చినా నాలుక మీద వేలద్దుకునేవారు గానీ పేజీ తిప్పేవారు కాదు. మొదటి పేజీ చూసి "తొందరేముందమ్మా" అనేవారు.

కడియం నర్సరీల్లో అంటుకట్టే ఆడవాళ్ల మీద పీహెచ్‌డీ ప్రపోజల్ రాసుకుని ఆయన సంతకానికి వెళ్లాను.

"ఎల్లుండే ఆఖరండి సార్."

"తొందరేముందమ్మా, వచ్చే ఏడు చూద్దాం. ఇది ఇక్కడ ఉంచి వెళ్లు."

మా సీనియర్ అక్క ప్రపోజల్ కూడా ఇలాగే ఉంచుకుని ఇంకో శిష్యుడి పేరుతో పంపించారు. ఆవిడ ఏడ్చి ఊరుకుంది. నేను ఊరుకునే రకం కాదు. అందుకే మూడో పేజీ నడుమ ఒక వాక్యం నాటి మరీ తెచ్చాను. ఆ కాగితాలు అక్కడే ఉంచి వచ్చాను. ఆఖరి రోజున పక్కగది మేడంగారు నా దగ్గరున్న రెండో కాపీ మొత్తం చదివి సంతకం పెట్టారు.

ఇంటర్వ్యూకి అందరం ఒకే హాల్లో కూర్చున్నాం, కమిటీలో సారు కూడా ఉన్నారు. ముందు సారు మేనల్లుడు లేచాడు. కమిటీ పెద్దాయన ఒకేలాంటి ప్రపోజళ్లు రెండు ముందు పెట్టుకుని అడిగారు:

"మీ అమ్మగారు నర్సరీలో కూలికి అంట్లు కట్టి మిమ్మల్ని చదివించారాండి? ఇక్కడ రాశారు."

అది మా అమ్మ. వాళ్లమ్మ ఇంట్లో తులసి మొక్కకైనా పనిమనిషే నీళ్లు పోయాలి.

కుర్రాడు మామయ్య వైపు చూశాడు. సారు నా వైపు చూశారు. నేను చూపు తిప్పుకోలేదు.

ఆయన మేనల్లుడి ప్రపోజల్ అందుకుని, వేలు తడి చేసుకుని, నేను చూస్తుండగా మొదటిసారి పేజీ తిప్పారు. మూడో పేజీ దాకా రావడానికి చాలాసేపు పట్టింది.

నాకేం తొందర లేదు.