విప్పి కుట్టిన మచ్చ

వీధిలో అందరికీ ఆమె టేపక్క. ఆస్పత్రి మంచం మీద ఉన్న తొమ్మిది రోజులు తప్ప, మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. దర్జీ శుక్రవారం ఇస్తానంటే ఏ శుక్రవారమో అడగకూడదని లోకం నవ్వుతుంది కదా, ఆ నవ్వు టేపక్క దగ్గర చెల్లదు. చెప్పిన రోజుకి గుండీలతో సహా కుట్టి, మడతపెట్టి చేతికిస్తుంది. తేదీ చెప్పకుండా ఎవరినీ కొట్టు గడప దాటనివ్వదు.

కేన్సరని కుడి రొమ్ము తీసేసినప్పుడు కూతురికీ ఒక తేదీ చెప్పింది. ఎనిమిదేళ్ళ పిల్ల. ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూశాక అమ్మ ఎద మీద తల పెట్టుకుని పడుకోవడం దానికి ఊహ తెలియనప్పటి నుంచీ అలవాటు.

"ఆరు వారాలే నాన్నా. కేలండర్లో గుర్తు పెట్టుకో," అంది.

ఆస్పత్రిలో ఇచ్చిన పుస్తకంలో బొమ్మ చూసే అంత ధీమాగా చెప్పింది. ఆ బొమ్మలో తెల్లటి ఒంటి మీద దారపు పోగంత గీత. టేపక్కది నల్లటి మేను. అలాంటి ఒంటి మీద గాయం ఎలా మానుతుందో ఆ పుస్తకం వేసినవాళ్ళకు పట్టలేదు, అడగాలని ఈమెకు తోచలేదు. ఆరు వారాలకు గాయం మానింది. మచ్చ మాత్రం లేచింది. నాలుగు నెలలకల్లా చంక దగ్గర్నుంచి ఎద మధ్య దాకా వేలు లావున గట్టు కట్టింది. ఒకటే దురద. గోకితే మంట. జాకెట్టు తగిలినా ప్రాణం పోయేది. ఇక పిల్ల తల ఎలా పెట్టించుకుంటుంది?

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ చూసి నిట్టూర్చింది.

"ముదురు రంగు ఒంటికి ఇలా గట్టు కట్టడం ఎక్కువేనమ్మా. మేం ముందే చెప్పాల్సింది. మచ్చలోకి నెలకో ఇంజక్షన్ వేద్దాం. తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. కోయించుకోకు మాత్రం. ఉత్తినే కోస్తే ఇంకా పెరుగుతుంది."

"ముడతపడ్డ కుట్టు విప్పి, నీటుగా మళ్ళీ కుడితే సరిపోదా డాక్టరమ్మా?"

"ఒళ్ళు బట్ట కాదమ్మా."

ఇరవై రెండేళ్ళుగా టేపక్క చేతిలో లొంగని ముడత లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మూడు ఇంజక్షన్లకు కళ్ళమ్మట నీళ్ళు కారాయి గాని గట్టు కదల్లేదు. పైగా సూది దిగిన చోట చర్మం తెల్లబడి మరకలయ్యాయి. దాంతో రెండు వీధుల అవతల, ఏ మచ్చనైనా మాయం చేస్తామని బోర్డు పెట్టిన క్లినిక్కుకు బయల్దేరింది.

"ఆవిడ అంత చెప్పాక ఎందుకే?" అన్నాడు భర్త.

"ఆవిడకి కుట్టు సంగతేం తెలుసండీ?"

అరగంటలో కోసి, కుట్టి పంపించారు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని, పనిమంతుడే, అని ఆ డాక్టర్ని మెచ్చుకుంది కూడా. కూతురికి ఇంకో తేదీ చెప్పింది. అక్కణ్ణుంచి మూడో నెల మొదటి ఆదివారం.

కొరివితో తల గోక్కోవడమంటే అదే. ఆ ఆదివారం రాకముందే కుట్టు వెంట కొత్త గట్టు లేచింది. సూది గుచ్చిన ప్రతి బెజ్జం దగ్గరా విడిగా ఒక బుడిపె. టేపు పెట్టి కొలుచుకుంది. ముందు ముప్పావు అంగుళం వెడల్పు ఉండేది, ఇప్పుడు అంగుళమున్నర. మళ్ళీ కొలిచింది. టేపు అబద్ధం చెప్పదని అందరికీ చెప్పేది ఆమే.

పాపం, ఇంకెక్కడికి పోతుంది? డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళింది. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇంజక్షన్లు మళ్ళీ మొదలుపెడదాం," అంది.

"ఎప్పటికి తగ్గుతుంది?"

"చెప్పలేనమ్మా."

మాటిచ్చిన ఆ ఆదివారం మధ్యాహ్నం కూతురు గోడ మీది కేలండరు తీసుకుని, పెన్సిలుతో వచ్చింది.

"ఈసారి ఏ తేదీకి గుర్తు పెట్టనమ్మా?"

టేపక్క నోరు తెరిచింది. ఎవరు అడిగినా నోటి చివరే ఉండే తేదీల్లో ఒక్కటీ రాలేదు. తేదీ అడిగిన మనిషి ముందు ఆమె తల దించుకోవడం అదే మొదలు.

పిల్ల పెన్సిలు కింద పెట్టింది.

"పోనీలేమ్మా. అది తగ్గేసరికి నేను ఎలాగూ పెద్దదాన్నైపోతాగా," అంది.

కేలండరు మేకుకు తగిలించి వచ్చి, అమ్మకు జానెడు దూరంలో అటు తిరిగి పడుకుంది.